జీనుల కొట్టు నడిపేవాళ్ళు ఈ గడ్డు రోజులు ఎలా నెట్టుకొస్తున్నారు?

మలక్‌పేట_జీను | 28 సెప్టెంబరు 2025, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే తప్ప రాయడం అలవాటు లేదు. మాది మలక్‌పేటలో జీనులు, కళ్ళేల కొట్టు. తాతగారు జటకా బళ్ళ గుర్రాలకు తోలు సామాను కుట్టేవారు. నాన్నగారి కాలానికి రేసు గుర్రాల పని వచ్చింది. నేను వచ్చాక రైడింగ్ స్కూళ్ళకు ఇంగ్లిష్ జీనులు మొదలుపెట్టాను. వెనక షెడ్డులో ఇద్దరు కుట్టేవాళ్ళున్నారు. కొంత సరుకు మేమే చేస్తాం, మిగతాది కాన్పూర్ నుంచి తెప్పిస్తాం.

మాకు మూడు రకాల గిరాకీ. ఇప్పుడు మూడూ ఒకేసారి పడుకున్నాయి. రేసు పందేల మీద జీఎస్టీ 28 నుంచి 40 శాతం అయింది కదా, మొన్న 22 నుంచి అమల్లోకొచ్చింది. పన్ను పందెం మీదే అయినా గుర్రాల యజమానులు ముందుగా చెయ్యి బిగించేది మా దగ్గరే. "ఈ సీజన్‌కి పాతవాటితోనే కానిద్దాం" అంటున్నారు. కోవిడ్ తర్వాత మొయినాబాద్, శంకర్‌పల్లి వైపు పుట్టుకొచ్చిన రైడింగ్ స్కూళ్ళలో కొన్ని మూతపడ్డాయి. నడుస్తున్న వాటిలో ఒకటి మాకు పెద్ద మొత్తమే బాకీ. ఫోన్ చేస్తే ఎత్తరు, వెళ్తే కాఫీ ఇచ్చి పంపిస్తారు. ఇక పెళ్ళి గుర్రాల వాళ్ళు. నవంబరు చివర్లో శుక్ర మౌఢ్యమి వస్తోంది, ఫిబ్రవరి దాకా ముహూర్తాల్లేవని ఇప్పటినుంచే బేరాలాడుతున్నారు.

కొట్టునిండా జీనులు. ఈ వానలకు వాటికి బూజు. వారం వారం గ్లిజరిన్ సబ్బుతో తుడవడమే ఒక ఉద్యోగం అయిపోయింది. కొత్త రకాలు తెచ్చి ఆన్‌లైన్‌లో పెట్టాలా, లోన్ తీసుకుని ఈ ఏడాది గడిపెయ్యాలా, లేక సగం కొట్టు ఎవరికైనా అద్దెకిచ్చెయ్యాలా? ఈ లైన్‌లో ఉన్నవాళ్ళు చెప్పండి.

లెక్కల_మాస్టారు | 28 సెప్టెంబరు, రాత్రి 11:15

సలహా ఇచ్చే ముందు మూడు ప్రశ్నలు. సరుకులో ఏడాది దాటి కదలనిది ఎంత? బాకీలన్నీ కలిపితే ఎన్ని నెలల అమ్మకాలకు సమానం? రిపేర్ల మీద నెలకు ఎంత వస్తుంది? అమ్మకం ఎంతో నాకు అక్కర్లేదు.

మలక్‌పేట_జీను | 29 సెప్టెంబరు, ఉదయం 7:20

మాస్టారూ, సరుకులో సగానికి పైగా ఏడాది దాటిందే. బాకీలు నాలుగు నెలల అమ్మకాలకు కాస్త ఎక్కువే ఉంటాయి. రిపేర్ల మీద వచ్చేది దాదాపు సున్నా. మేం అమ్మిన సరుకుకైతే ఊరికే చేసి ఇస్తాం. బయట కొన్నది నాన్నగారు ముట్టుకోనివ్వరు. "వాడెవడో కుట్టిన ముష్టి జీను తెగి పిల్లాడు పడితే పేరు మనది పోతుంది" అంటారు.

కాన్పూర్_తెలుగోడు | 29 సెప్టెంబరు, మధ్యాహ్నం 1:05

అన్నా, మీకు సరుకొచ్చే ఊళ్ళోనే ఉన్నాను. శాడిలరీ, అంటే జీనులూ గుర్రపు తోలు సామానూ ఎక్స్‌పోర్ట్ చేసే కంపెనీలో మర్చండైజర్ని, ఆర్డర్లు చూసే పని. ఇక్కడి సంగతి కాస్త చెప్తా, మీ లెక్కకు పనికొస్తుంది.

1857 తర్వాత బ్రిటిష్ వాళ్ళు సైన్యం కోసం ఇక్కడ హార్నెస్ (గుర్రాలకు కట్టే తోలు సామాను) ఫ్యాక్టరీ పెట్టారు. కాన్పూర్‌కు ఈ పని అలా అబ్బింది. ఇప్పుడు జీఐ గుర్తింపు, అంటే ఊరి పేరు మీద సరుకుకు ఇచ్చే గుర్తింపు కూడా ఉంది. కానీ ఊరంతా బతికేది విదేశీ ఆర్డర్ల మీద. 2019 కుంభమేళాకు గంగలోకి మురుగు పోకూడదని ఇక్కడి జాజ్‌మవూలో తోలు శుద్ధి చేసే టానరీలను నెలల తరబడి మూయించారు. తోలు దొరక్క, ఇస్తామన్న తేదీకి సరుకు ఇవ్వలేక కొందరు బయ్యర్లు చేజారారు. తేరుకునేలోపు లాక్‌డౌన్. పీస్ రేటు మీద కుట్టే పనివాళ్ళు ఊళ్ళకు పోయారు, కొందరు మళ్ళీ రానేలేదు. 2021లో విదేశాల్లో అందరూ గుర్రాల మీద పడ్డారు, రాత్రింబగళ్ళు పని చేశాం. ఇప్పుడు అమెరికా సుంకం ఆగస్టు 7 నుంచి 25 శాతం, 27 నుంచి ఇంకో 25. మొత్తం 50. మా దగ్గర ప్యాక్ చేసిన డబ్బాలు గోడౌన్‌లోనే ఉన్నాయి. బయ్యర్ "హోల్డ్" అన్నాడు. క్యాన్సిల్ అననూ అనడు.

మీకు చెప్పొచ్చేది ఏంటంటే, ఆ డబ్బాలు రేపో మాపో దేశంలోనే అమ్ముడవుతాయి. కారుచౌకగా. మీ ర్యాకుల్లో ఉన్న జీనుల ధర ఇంకా పడుతుంది. కాబట్టి ఇప్పుడు కొత్త సరుకు కోసం లోన్ మాత్రం తీసుకోకండి.

బ్రౌన్‌మేర్ | 29 సెప్టెంబరు, మధ్యాహ్నం 2:30

అయితే ఆ చౌక సరుకే కొని అమ్మొచ్చుగా? గడ్డుకాలంలో కొన్నవాడే మంచికాలంలో బాగుపడతాడు.

కాన్పూర్_తెలుగోడు | 29 సెప్టెంబరు, సాయంత్రం 6:48

కొనొచ్చు బ్రో, కానీ గుర్రానికి సరిపోవాలిగా. అమెరికాకు చేసిన జీనుల్లో చాలావాటి ట్రీ, అంటే లోపలి చట్రం, వెడల్పు. అక్కడి క్వార్టర్ హార్స్‌ల వీపు బల్లలా ఉంటుంది. మన స్కూళ్ళలో ఉండేవి ఎక్కువగా రేసుల నుంచి రిటైరైన థరోబ్రెడ్‌లు, మార్వారీలు. వీపు సన్నం, మూపు ఎత్తు. వెడల్పు ట్రీ వేస్తే జీను ముందుకు దిగి మూపు మీద కూర్చుంటుంది. నెల తిరిగేసరికి పుండు. అప్పుడు జీను అమ్మినవాడినే తిడతారు. బ్రైడిల్ (కళ్ళెం), హాల్టర్ (తలకు కట్టే పట్టీ), లెడ్ రోప్ (పట్టుకు నడిపించే తాడు), కుక్కల బెల్టులు చౌకగా వస్తే తీసుకోండి. జీనులొద్దు.

సవారి_అక్క | 29 సెప్టెంబరు, రాత్రి 9:10

కొనేవాళ్ళ వైపు నుంచి నేను చెప్తా. శంషాబాద్ దగ్గర చిన్న రైడింగ్ స్కూల్ నడుపుతున్నా. (తమ్ముడూ, నీకు బాకీ ఉన్నది మేం కాదు!)

మేం కొత్త జీను కొనేది రెండు మూడేళ్ళకోసారి. కానీ ప్రతి నెలా పోయే సామానుంది. స్టిరప్ లెదర్ల (రికాబు పట్టీల) కుట్లు ఊడతాయి. గర్త్, అంటే పొట్ట కింద బిగించే పట్టీ, దాని ఎలాస్టిక్ సాగిపోతుంది. రెయిన్స్ (పగ్గాలు) బిట్ దగ్గర, అంటే నోట్లో పెట్టే కడ్డీ దగ్గర అరుగుతాయి. వీటికి నేను చెప్పులు కుట్టే ఆయన దగ్గరికి వెళ్తున్నా. ఆయన మంచివాడే, కానీ ఏ కుట్టు మీద ప్రాణం ఆధారపడి ఉందో ఆయనకు తెలియదు. పోయిన నెల గర్త్ తగిలించే బిల్లెట్ పట్టీని రబ్బరు జిగురుతో అతికించి ఇచ్చాడు.

ఇంకోటి. జీను గుర్రానికి సరిపోయిందో లేదో చూసి, కింద ప్యానెల్‌లో ఉన్ని సర్దేవాళ్ళు హైదరాబాద్‌లో నాకు దొరకలేదు. ఎండాకాలం మేత తగ్గి గుర్రం చిక్కుతుంది, వానల తర్వాత ఒళ్ళు చేస్తుంది. అదే జీను రెండుసార్లూ ఎలా సరిపోతుంది? నెలకోసారి మా దగ్గరికొచ్చి అన్నీ చూసి, అక్కడే చిన్న చిన్నవి కుట్టిచ్చే మనిషి ఉంటే డబ్బులు అప్పటికప్పుడే ఇచ్చేస్తా. కొత్త జీనుకైతే నేనూ వాయిదాలే అడుగుతా.

మలక్‌పేట_జీను | 29 సెప్టెంబరు, రాత్రి 10:30

అక్కా, మీ మాట నాన్నగారికి చదివి వినిపించా. రబ్బరు జిగురు అనేసరికి లేచి కూర్చున్నారు. "వాళ్ళను చెప్పుల షాపుకు తోలింది మనమే కదరా" అన్నారు. ఒప్పుకున్నట్టా కాదా తెలీదు, కానీ తిట్టలేదు.

ఆరె_పట్టినవాడు | 30 సెప్టెంబరు, ఉదయం 6:15

బాబూ, మాది రాజమండ్రి. మనవడు టైపు చేస్తున్నాడు, నేను చెప్తున్నాను.

మీ తాతగారి పనే మాదీను. జటకాలు ఉన్నన్నాళ్ళూ పటకాలు, మెడ పట్టీలు కుట్టాను. రిక్షాలొచ్చి జటకాలు పోయాయి, తర్వాత ఆటోలొచ్చి రిక్షాలూ పోయాయి. అప్పుడు ఎడ్ల మెడకు గంటల పట్టీలు కుట్టాను, మిల్లుల్లో తిరిగే బెల్టులు అతికాను, బడిపిల్లల సంచీలూ కుట్టాను. కొత్త సరుకు చెయ్యడానికి పెట్టుబడి లేని రోజుల్లో కూడా పాత సరుకు మా గుమ్మంలోకొచ్చి పడేది. ఊళ్ళో డబ్బు ఆడనప్పుడే బాగుచేయించుకునేవాళ్ళు ఎక్కువ.

నాన్నగారి భయం ఉత్తిది కాదు. ఆయనకు ఇలా చెప్పు. ఏ జీను వచ్చినా ముందు కుట్టకు. ముందు భాగం పొట్టకు ఆనించుకుని, వెనక అంచు రెండు చేతులా పట్టి నీ వైపు లాగు. సీటు మధ్యలో మడత పడినా కిర్రుమన్నా లోపల కొయ్య విరిగినట్టే. ఆ జీను తిప్పి పంపెయ్యి, దమ్మిడీ తీసుకోకు. ఆ తర్వాత బకిల్ పట్టీలను చిల్లుల దగ్గర వెనక్కి వంచు. పైన గీతలు పడితే పర్లేదు. లోపలి నారలోకి పగులు దిగితే పట్టీ మొత్తం మార్చాలి, కుట్టుతో సరిపెట్టకూడదు. రికాబు తగిలించే ఇనుప కడ్డీ కదులుతోందేమో కూడా చూడు.

ప్రాణం మీదికొచ్చే చోట మిషన్ కుట్టు వద్దు. మిషన్‌లో పైదారం, కిందిదారం ఒకదానికొకటి ముడేసుకుంటాయి. ఒకటి తెగితే వరసంతా వదులవుతుంది. చేతికుట్టులో ఒకే దారానికి రెండు చివరలా రెండు సూదులు. ఆరెతో పొడిచిన ఒకే చిల్లులోంచి రెండూ ఎదురెదురుగా దాటతాయి. ఒక వైపు అరిగినా రెండోది పట్టే ఉంటుంది. దారానికి తేనెమైనం బాగా పట్టించు. ఆరె వాలుగా పొడవాలి, నిటారుగా పొడిస్తే తోలు చీరుకుపోతుంది. ఈ పని చేసి కూలి అడగడానికి సిగ్గెందుకు?

సవారి_అక్క | 30 సెప్టెంబరు, ఉదయం 8:02

తాతగారూ, దండాలు. ఆ వంచి చూసే పద్ధతి మా స్కూల్లో అందరికీ నేర్పిస్తా.

డాలస్_పిల్లతండ్రి | 30 సెప్టెంబరు, రాత్రి 8:47

మా అమ్మాయి రైడింగ్ నేర్చుకుంటోంది, అందుకని ఇక్కడి టాక్ షాపుల (గుర్రపు సామాను కొట్ల) చుట్టూ తిరిగే బాపతు నేను. 2008 మాంద్యం అప్పుడు ఇక్కడే ఉన్నా. గుర్రాల ధరలు పడిపోయాయి, జనం మేపలేక వదిలించుకున్నారు. 2011లో టెక్సాస్‌లో కరవొచ్చి ఎండుగడ్డి దొరక్క ఇంకా ఘోరం. మా వైపు అప్పట్లో నిలబడిన చిన్న షాపుల్లో నేను చూసినవన్నీ కన్‌సైన్‌మెంట్ పెట్టినవే. అంటే పాత జీను జనమే తెచ్చి షాపులో పెడతారు, అమ్ముడైతే షాపుకు కమిషన్. షాపు వాడి పైసా సరుకులో ఇరుక్కోదు. పిల్లలు ఏడాదికో సైజు పెరుగుతారు కాబట్టి మార్పిడి ఆగదు. మేం కొన్న మూడు జీనుల్లో కొత్తది ఒక్కటీ లేదు.

బ్రౌన్‌మేర్ | 30 సెప్టెంబరు, రాత్రి 9:20

అక్కడ చెల్లుతుందేమో గానీ మన దగ్గర సెకండ్ హ్యాండ్ అంటే ముఖం చిట్లిస్తారు. అసలు తోలే వదిలేసి సింథటిక్‌కి మారండి అంటాను. వింటెక్ లాంటి కంపెనీ జీనుల్లో ముందున్న గల్లెట్ అనే వంపు ముక్క మారిస్తే వెడల్పు కూడా మారుతుంది. బూజు గోల ఉండదు. నీళ్ళతో కడిగేస్తే సరి.

సవారి_అక్క | 30 సెప్టెంబరు, రాత్రి 9:41

కొత్త జీను ఎమ్మార్పీ చూసినప్పుడు ఎవరూ ముఖం చిట్లించరు బ్రో, చూసి వెళ్ళిపోతారు. స్కూల్ పిల్లల తల్లిదండ్రులు నన్ను అడిగేదే "పాతది ఏమైనా ఉందా మేడమ్" అని. వాళ్ళ భయమల్లా లోపల విరిగిందేమోనని. నమ్మకమున్న కొట్టువాడు చూసి చీటీ రాసిస్తే కొంటారు.

సింథటిక్ సంగతి నిజమే, బిగినర్ క్లాసులకు మా దగ్గరా అవే. కానీ వాటికీ గర్తులు, లెదర్లు కావాల్సిందే.

పాతబస్తీ_బరాత్ | 1 అక్టోబరు, మధ్యాహ్నం 12:10

పెళ్ళి గుర్రాల లైన్ మాది. భాయ్, మేం బేరమాడేది నిజమే, ఎందుకంటే దూల్హా ఇప్పుడు ఓపెన్ జీప్ ఎక్కుతానంటున్నాడు. మౌఢ్యమి మీ పెళ్ళిళ్ళకే, మా నిఖాలు నడుస్తూనే ఉంటాయి, రంజాన్‌లో బంద్. సీజన్ లేనప్పుడు గుర్రం మీద కప్పే మఖ్మల్ జూలు, జరీ, అద్దాలు రిపేరుకు ఇస్తాం. ఆ టైమ్‌లో చేతిలో డబ్బుండదు, మొదటి బరాత్ కాగానే ఇచ్చేస్తాం. అడ్వాన్స్ అడిగేవాళ్ళ దగ్గరికి మావాళ్ళు రారు.

లెక్కల_మాస్టారు | 1 అక్టోబరు, రాత్రి 10:05

ఇప్పుడు చెప్తాను. రిపేర్లు, ఫిట్టింగు మొదలుపెట్టమని అందరూ చెప్పారు కాబట్టి దాన్ని వదిలేస్తున్నా. మీ కొట్టును ముంచేది అమ్మకాలు తగ్గడం కాదు, అరువు. నాలుగు నెలల అమ్మకం జనం దగ్గర ఉందంటే, మీరు వడ్డీ లేకుండా బ్యాంకు నడుపుతున్నారన్నమాట. పైగా మీరు ఓడీ (బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్) మీద వడ్డీ కడుతూ ఉంటారు.

ఉద్యం, అంటే చిన్న పరిశ్రమల రిజిస్ట్రేషన్ ఉందా? షెడ్డులో మీరే కుడుతున్నారు కాబట్టి తయారీదారుగా నమోదు చేసుకోండి. ఎమ్మెస్సెమ్యీ (చిన్న, మధ్యతరహా పరిశ్రమల) చట్టం ప్రకారం మీలాంటి చిన్న యూనిట్‌కు కొనుగోలుదారు రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలి. లేటైతే బ్యాంకు రేటుకు మూడింతలు చక్రవడ్డీ. ప్రభుత్వ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. దానికి తోడు, గడువు దాటి, మార్చిలోపు కూడా మీకు ఇవ్వకపోతే ఆ ఖర్చును వాళ్ళు ఆ ఏడాది ఆదాయపు పన్ను లెక్కలో చూపించుకోలేరు. సెక్షన్ 43బి(హెచ్) అంటారు, 2024 ఏప్రిల్ 1న మొదలైన అసెస్‌మెంట్ ఇయర్ నుంచి వర్తిస్తోంది. మార్చి దగ్గరపడేకొద్దీ ఇది వాళ్ళ ఆడిటరే వాళ్ళకు గుర్తుచేస్తాడు.

ఒక మెలిక ఉంది. ఇదంతా మీరు తయారుచేసిన సరుకుకు, చేసిన సర్వీసుకు మాత్రమే. కాన్పూర్ నుంచి తెచ్చి అమ్మితే మీరు ట్రేడర్, ఈ రక్షణ దొరకదు. కాబట్టి బిల్లులు వేరువేరుగా రాయండి, బిల్లు మీద ఉద్యం నంబరు వేయండి.

అలాగని ఆ స్కూలు మీద వెంటనే కేసు పెట్టమనడం లేదు. గుర్రాలున్న చోట సామానుంటుంది. డబ్బు లేకపోతే మీరమ్మిన జీనులు కొన్ని వెనక్కి ఇమ్మనండి. ఇవాళ్టి ధర కట్టి బాకీలో తగ్గించండి. వెనక్కొచ్చిన సరుకుకు రాసే జీఎస్టీ క్రెడిట్ నోటు గడువు మాత్రం మీ ఆడిటర్‌ని అడగండి.

పాతబస్తీ సోదరుడి మాట విన్నారుగా, ఆ అరువు వేరు. మొదటి బరాత్ కాగానే వచ్చే డబ్బు అది. దాన్నీ దీన్నీ ఒకే గాటన కట్టకండి.

వాల్సాల్_దగ్గర | 2 అక్టోబరు, రాత్రి 1:30

ఇంగ్లండులో వాల్సాల్ పక్కనే ఉంటా, జీనులకు పేరున్న ఊరు. ఫుట్‌బాల్ టీమును కూడా శాడ్లర్స్ అనే పిలుస్తారు. కార్లు వచ్చి గుర్రాలు పోయినప్పుడు ఇక్కడివాళ్ళు హ్యాండ్‌బ్యాగులు, పర్సులు, కుక్కల పట్టీల్లోకి దిగారు. రాణి ఎలిజబెత్ చేతిలో ఉండే లానర్ బ్యాగులు తయారయ్యేది ఈ ఊళ్ళోనే. ఇప్పటికీ మా చుట్టుపక్కల శాడిల్ ఫిట్టర్ (జీను సరిపోయేలా సర్దే మనిషి) వ్యాన్ వేసుకుని పొలం పొలం తిరుగుతుంది, కొట్టు అద్దె లేదు. జులైలో ఇండియాకు బ్రిటన్‌తో కుదిరిన వాణిజ్య ఒప్పందం అమల్లోకి వస్తే కాన్పూర్ వాళ్ళకు ఇటువైపు కాస్త ఊపిరాడుతుంది. ఇంకా రాలేదనుకోండి.

మలక్‌పేట_జీను | 16 నవంబరు, రాత్రి 9:55

చాలామంది పర్సనల్‌గా అడుగుతున్నారు కాబట్టి ఇక్కడే రాస్తున్నా.

బాకీ స్కూలుకు మాస్టారు చెప్పినట్టు ఉద్యం నంబరుతో ఉత్తరం పంపాం. ఈసారి ఫోన్ వాళ్ళే చేశారు. కొంత డబ్బు, కొన్ని జీనులు ఇచ్చారు. మిగిలింది మార్చిలోపు అన్నారు, చూద్దాం. వెనక్కొచ్చిన వాటిలో ఒకటి నాన్నగారు పొట్టకు ఆనించి లాగగానే కిర్రుమంది. దాన్ని విప్పి, విరిగిన ట్రీ బయటే పెట్టి కొట్టు ముందు వేలాడదీశారు. వచ్చినవాళ్ళందరూ అదేంటని అడుగుతున్నారు, ఆయన చెప్తున్నారు. మిగతావి తుడిచి, ఉన్ని సర్ది, "చూశాం" అని చీటీ కట్టి అమ్మకానికి పెట్టాం. రెండు పోయాయి.

ఆదివారాలు ఒక కుర్రాడిని తీసుకుని అక్కా వాళ్ళ స్కూలుకు, ఇంకో రెండు చోట్లకు వెళ్తున్నా. జీను అమ్మినంత పెద్ద మొత్తం కాదు. కానీ కుట్టేవాళ్ళిద్దరి జీతాలు ఓడీలోంచి తీయకుండా గడిచాయి. రేసు వైపు మాత్రం కదలిక లేదు, వింటర్ సీజన్ మొదలైనా అంతే. ర్యాకుల్లో పాత జీనులు ఇంకా ఉన్నాయి. కొన్నదానికంటే తక్కువకు ఇవ్వాలంటే నాన్నగారికి మనసొప్పడం లేదు. ఆ గొడవ ఇంట్లో రోజూ ఉంది.

లెక్కల_మాస్టారు | 16 నవంబరు, రాత్రి 10:20

ఇవ్వండి. వచ్చే వానాకాలానికి ఇంకా తక్కువకు పోతాయి.

కాన్పూర్_తెలుగోడు | 17 నవంబరు, ఉదయం 9:12

మొన్న 14న ఆర్బీఐ ఎగుమతిదారులకు విదేశీ డబ్బు తెచ్చుకునే గడువు 9 నెలల నుంచి 15 నెలలకు పెంచింది. మా యజమానికి కాస్త టెన్షన్ తగ్గింది. గోడౌన్ డబ్బాలు మాత్రం లోకల్‌గా అమ్మడం మొదలైంది అన్నా, నేను అనుకున్న ధరలకంటే కిందే. హాల్టర్లు కావాలంటే ఇప్పుడే చెప్పండి, ఫొటోలు పంపిస్తా.

మలక్‌పేట_జీను | 17 నవంబరు, ఉదయం 9:40

నైలాన్‌వి వద్దు తమ్ముడూ, తోలువి పంపు. ఫుల్ సైజు, కాబ్ (కాస్త చిన్న తల) సైజు రెండూ. బకిళ్ళు ఇత్తడివేనా, పూతా?

డాలస్_పిల్లతండ్రి | 18 నవంబరు, ఉదయం 6:33

రాజమండ్రి తాతగారు చెప్పిన చేతికుట్టుతో మా అమ్మాయికి ఒక బ్రైడిల్ కావాలి. మీ షెడ్డులో చేసి పంపగలరా? ఆగస్టులో ఆగిన ఇండియా పోస్ట్ పార్శిళ్ళు అక్టోబరు 15 నుంచి మళ్ళీ వస్తున్నాయిగా.

మలక్‌పేట_జీను | 18 నవంబరు, రాత్రి 8:15

చేస్తాం సార్. కాకపోతే సుంకం ఇక్కడే ముందు కట్టి పంపాలి, అది 50 శాతం. మీకు అక్కడ పాతది దొరికితే అదే చవక, ముందే చెప్తున్నా. అయినా కావాలంటే కొలతలు పంపండి: బిట్ ఒక చివర నుంచి చెవుల వెనకగా ఇంకో చివరకు ఒకటి, చెవుల కింద నుదురు చుట్టూ ఒకటి, చెంప ఎముక కింద రెండు వేళ్ళు దిగి ముక్కు చుట్టూ ఒకటి. గుడ్డ టేపుతో కొలవండి, ఇనుప టేపు వద్దు. నల్లదా, గోధుమ రంగుదా?

డాలస్_పిల్లతండ్రి | 19 నవంబరు, ఉదయం 5:50

గోధుమ రంగు. సుంకం నేను కడతా. శనివారం బార్న్‌కి వెళ్ళినప్పుడు కొలిచి పెడతా.